బరువు మోయటం వేరు, బరువు ఎత్తటం వేరు



ఈసారి గోడపత్రికలో నేను వ్యాయామం గురించి రాస్తున్నాను. "దాని గురించి రాయటానికి ఏటుంది, కథ రాయి" అని మా బెంచీ పిల్లలు అన్నారు. కథలు పక్క కాగితం మీద ఉన్నాయి, అవి కూడా చదవండి. ఈ సంగతి ఎవరూ రాయటం లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మన బడికి వచ్చిన పెద్దలు మనల్ని చూసి ఒక మాట అంటూ ఉంటారు. "మీరు కొండ పిల్లలు, పుట్టుకతోనే గట్టివాళ్ళు, మీకు వేరే కసరత్తు ఎందుకమ్మా?" అని. మంచి మనసుతోనే అంటారు. కాని ఆ మాట వల్ల మనకి నష్టం జరుగుతున్నది. ఎలాగూ గట్టివాళ్ళమే కాబట్టి ఆటల పీరియడు తీసేసి పదో తరగతి లెక్కలకి ఇచ్చేసినా ఎవరికీ తప్పుగా తోచదు. మనం కూడా ఆ మాట నమ్మేస్తాం. నా అభిప్రాయం ఏమిటంటే, మనం బరువు మోసే జనం గాని బరువు ఎత్తే జనం కాదు. ఈ రెండూ ఒకటి కావు.

మోయటం గురించి మనలో ఎవరికీ చెప్పక్కరలేదు. గెడ్డ నుంచి నీళ్ళు, అడవి నుంచి కట్టెలు, పోడు నుంచి చోళ్ళు, సంతకి చింతపండు, అనాసపళ్ళు. అమ్మోళ్ళ నెత్తి మీద ఎంత బరువుందో ఎవరూ కాటా వెయ్యలేదు. ఎంత పని ఉంటే అంత బరువు. వానొచ్చినా అదే, జ్వరమొచ్చినా అదే, కడుపుతో ఉన్నా అదే. పొద్దున్న అంబలి ఉంటే తాగినట్టు, లేపోతే లేదు. నలభై ఏళ్ళు రాకముందే మెడ నొప్పి, నడుం నొప్పి, మోకాళ్ళు పట్టేయటం. మోసి మోసి గట్టిపడ్డారు అంటారు గాని, నాకు గట్టితనం కంటే అరుగుదలే ఎక్కువ కనిపిస్తాది.

ఎత్తటం అలా కాదు. అందులో బరువుని ముందు తూస్తారు. తక్కువతో మొదలుపెడతారు. ఎలా వంగాలి, ఎలా లేవాలి అన్నది నేర్చుకున్నాకే ఎత్తుతారు. నాలుగైదు సార్లు ఎత్తి, దించి, కూర్చుని ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తుతారు. కొత్తవాళ్ళయితే మర్నాడు ఎత్తరు. ఎందుకంటే ఎత్తినప్పుడు కండ కొంచెం దెబ్బ తింటాది. తిండీ నిద్రా దొరికితే మునుపటికన్నా గట్టిగా అతుక్కుంటాది, దొరకకపోతే దెబ్బ దెబ్బగానే ఉండిపోతాది. ఇది మా పి.టి. మేడమ్ చెప్పారు. అంటే బరువు ఒకటే. దాని పక్కన కూడు, నిద్ర, మధ్యలో ఒక రోజు విడుపు, ఈ మూడూ ఉంటే అది బలం. లేపోతే అరుగుదల. మన అమ్మలకి ఆ మూడూ ఎవరూ ఇవ్వలేదు. మనకి హాస్టల్లో మూడూ దొరుకుతాయి, అయినా మనం వాడుకోవటం లేదు.

మన పక్క శ్రీకాకుళం జిల్లాలో ఊసవానిపేట అని ఊరుంది. కరణం మల్లీశ్వరి గారిది ఆ ఊరు. ఆవిడ 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కంచు పతకం తెచ్చారు. మన దేశంలో ఒక స్త్రీ ఒలింపిక్ పతకం తేవటం అదే మొదలు. అసలు ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి బరువులెత్తే పోటీ పెట్టిందే ఆ ఏడాది. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, కలిపి 240. స్నాచ్ అంటే నేల మీది నుంచి ఒకే ఊపులో తల మీదకి ఎత్తటం. రెండోది ముందు భుజాల దాకా, తర్వాత అక్కడి నుంచి పైకి. 130 కిలోలు అంటే మన స్టోరు రూములో ఉన్న 50 కిలోల బియ్యం బస్తాలు రెండున్నర, ఇంకో 5 కిలోలు. అది తల పైకి! అంతకు ముందే 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యారు. చిన్నప్పుడు సన్నగా ఉందని మొదట ఆవిణ్ణి చేర్చుకోలేదని, తల్లి ధైర్యం చెప్పిందని చెప్తారు. పుట్టుకతో గట్టి అయితే ఆ మాట ఎందుకు వస్తాది?

మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను చిన్నప్పుడు కొండ మీద కట్టెల మోపులు మోసేది. ఇది మన కథలాగే ఉంది. కాని 2021లో టోక్యోలో 49 కిలోల విభాగంలో 202 కిలోలు ఎత్తి వెండి పతకం తెచ్చింది కట్టెలు మోసినందుకు కాదు. కట్టెలు మోసేవాళ్ళు మన ఊళ్ళో ఎంతమంది లేరు! ఆ మోపు దించి, ఎత్తటం నేర్చుకుంది కాబట్టి తెచ్చింది. మాలావత్ పూర్ణ మనలాగే గురుకులంలో చదివిన గిరిజన పిల్ల. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమెకి 13 ఏళ్ళ 11 నెలలు, అంటే నాకన్నా చిన్నది. (అప్పటికి రాష్ట్రం విడిపోవటానికి ఇంకా ఎనిమిది రోజులుంది.) తండా పిల్ల కదా, గట్టిదే కదా అని నేరుగా తీసుకెళ్ళి మంచులో ఒగ్గేశారా? భువనగిరి రాతి కొండ మీద, డార్జిలింగులో, లడఖ్‌లో తర్ఫీదు ఇచ్చాకే పంపించారు.

ఇక మన డార్మెటరీలో వినే మాటలు. బరువులెత్తితే మగాడిలా అయిపోతాం అంటారు. ఆడపిల్లల ఒంట్లో కండ అలా గుట్టలుగా పెరగదు, దానికి కావలసిన హార్మోను మగవాళ్ళలోనే ఎక్కువ. పొడుగు ఎదగటం ఆగిపోతాది అంటారు. చూసేవాళ్ళు దగ్గర ఉండి, తేలిక బరువుతో, పద్ధతిగా చేస్తే ఎదుగుదల ఆగదు. నీళ్ళ బిందెకి ఆగని ఎదుగుదల ఇసుక సీసాకి ఎలా ఆగుతాది? నెలసరి రోజుల్లో కదలకూడదు అంటారు. నొప్పి ఉంటే కూర్చోవాలి, ఓపిక ఉంటే నడవొచ్చు, పరిగెత్తొచ్చు. అది మన ఒంటికి తెలుస్తాది, పక్కవాళ్ళకి కాదు. పెళ్ళి కాదు అని కూడా ఒక అక్క అంది. దానికి నేను జవాబు రాయను.

మన దగ్గర ఇనుప బార్ లేదు అని బాధపడక్కరలేదు. పోటీల్లో ఆడవాళ్ళ బార్ చక్రాలు వెయ్యకుండానే 15 కిలోలు ఉంటాది, మొదలుపెట్టేవాళ్ళకి అది ఎక్కువ. వెదురు కర్ర చాలు. మొదటి రెండు వారాలు ఉత్త కర్రతోనే. లీటరు సీసాలో పొడి ఇసుక నింపి మెస్సు కాటా మీద పెడితే కిలోన్నర దాకా వచ్చింది. కర్రకి చెరో వైపు ఒకటి కడితే మూడు కిలోలు. బాగా అలవాటయ్యాక చెరో వైపు రెండు. గొంతుక్కూర్చుని లేవటం మనకి బాగా వచ్చు, పట్నం పిల్లలకి మడమలు లేచిపోతాయట. ఈ ఒక్క సంగతిలో మాత్రం మనం పుట్టుకతో గట్టివాళ్ళం అని ఒప్పుకుంటాను. కింద ఉన్నది ఎత్తేటప్పుడు నడుం వంచి లాగకూడదు. మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా పెట్టి, బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకుని కాళ్ళ బలంతో లేవాలి. సెలవలకి ఇంటికెళ్ళినప్పుడు బిందె ఎత్తటానికీ ఇదే పద్ధతి. అమ్మకి కూడా చూపించండి. నవ్వుతాది, అయినా చూపించండి.

ఇక్కడ ఒక మాట. మన ఊళ్ళల్లో రోడ్డు లేని చోట ఇప్పటికీ పురిటి మనిషిని డోలీలో కొండ దింపుతారు. డోలీ మోయటానికి కండలు పెంచుకోండి అని నేను చెప్పటం లేదు. డోలీకి విరుగుడు రోడ్డు, కండ కాదు.

పరుగు విషయానికి వస్తే, మనం చేసే పని ఏమిటంటే మొదటి రౌండులోనే పందెం పెట్టేస్తాం. రెండో రౌండుకి డొక్కలో నొప్పి అని కూర్చుంటాం. పక్కన పరిగెత్తే పిల్లతో మాట్లాడగలిగినంత మెల్లగా పరిగెత్తాలి. మాట తెగిపోతుంటే నడవాలి, ఊపిరి కుదిరాక మళ్ళీ పరుగు. వారానికి మూడు రోజులు చాలు. మన గ్రౌండు తాడుతో కొలిస్తే ఒక చుట్టు 200 మీటర్లు వచ్చింది. ఎనిమిది చుట్లు అయితే 1600 మీటర్లు. కానిస్టేబులు పరీక్షలో ఉండే పరుగు అదే. ఫారెస్టు బీట్ ఆఫీసరు పరీక్షలో ఆడవాళ్ళు 4 గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. అది మా అమ్మోళ్ళు నెత్తిన గంపతో సంతకి నడిచే నడక, వాళ్ళకి మాత్రం ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. హవాయి చెప్పులతో పరిగెత్తితే జారిపడతారు. ఆగస్టు 15కి అని పెట్టెలో దాచిన షూలు తియ్యండి, వచ్చే ఆగస్టుకి అవి ఎలాగూ పట్టవు.

తిండి గురించే నాకు ఎక్కువ కోపం ఉంది. సన్నబడాలని రాత్రి అన్నం మానేసే అక్కలు మన హాస్టల్లో ఉన్నారు. పేర్లు రాయను. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మన వయసు ఆడపిల్లలకి రోజుకి 43 గ్రాముల మాంసకృత్తులు కావాలని అక్కడి లెక్క. నేను లెక్క కట్టాను. మూడు పూటలకీ కలిపి 300 గ్రాముల బియ్యం అయితే దాంట్లో సుమారు 23 గ్రాములు. పప్పు 40 గ్రాములు అయితే 9. గుడ్డు ఒకటికి 6. మొత్తం 38. గుప్పెడు వేరుశనగ గుళ్ళు, అంటే 20 గ్రాములు తింటే ఇంకో 5 వచ్చి సరిపోతాది. లెక్క అంత బొటాబొటిగా ఉంది! ఒక పూట మానేస్తే ఎంత తగ్గుతాదో మీరే తీసివేత చేసుకోండి. పప్పులో నీళ్ళు తేరిన రోజు కూడా తగ్గుతాది, అది మనం మానేసినది కాదు, ఆ సంగతి మెస్సు కమిటీలో మాట్లాడాలి. టీవీలో చూపించే డబ్బాల పొడి మనకి అక్కరలేదు.

అంబలి తాగటం నామోషీ అనుకునేవాళ్ళు ఇంకొందరు. చోళ్ళంటే పుస్తకంలో రాగులు. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములు దాటి కాల్షియం ఉంటాది. తెల్ల బియ్యంలో 10కి అటూ ఇటూ. ఎముక గట్టిపడే వయసు ఇదే. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని చేసింది, పట్నం వాళ్ళు కొట్టులో ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. మనం మాత్రం చోళ్ళు అమ్మేసి పిల్లలకి బిస్కట్టు పొట్లాలు కొని తెస్తన్నాం.

రక్తం సంగతి. 2019–21లో దేశమంతా చేసిన సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళు నూటికి 57 మందికి రక్తం తక్కువ అని తేలింది. మనకి హిమోగ్లోబిన్ 12 ఉండాలి. రక్తంలో ఇనుము లేకపోతే ఊపిరి పీల్చిన గాలి కండలకి అందదు. అలాంటి పిల్లని బద్ధకం అని తిడతారు, అది బద్ధకం కాదు. వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలు కుళాయి గట్టు వెనక ఎన్ని పడి ఉంటాయో అందరికీ తెలుసు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. టీతో వేసుకోకూడదు, టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరి పట్టేలా చేస్తాయి. విరేచనం నల్లగా వస్తే భయపడక్కరలేదు. నులిపురుగుల మాత్ర కూడా మింగాలి, మనం తిన్నది అవి తినేస్తాయి.

సికిల్ సెల్ జబ్బు ఉన్న చెల్లెళ్ళు మాత్రం పరుగైనా బరువైనా మాత్రైనా డాక్టరుని అడిగాకే. 2023 జులై నుంచి దీనికి గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు, చేయించుకోనివాళ్ళు ఏ.ఎన్.ఎం. అక్కకి చెప్పండి. వాళ్ళని "రా, రా" అని బలవంతంగా పరుగుకి లాగొద్దు. ఎండలో ఆడినప్పుడు అందరూ నీళ్ళు తాగాలి, వాళ్ళు ఇంకా ఎక్కువ తాగాలి.

మేడమ్‌లకి నా మనవి ఒకటే. వారానికి మూడు ఆటల పీరియడ్లు లెక్కలకీ సైన్సుకీ ఇవ్వకుండా మాకు ఒగ్గేయండి. పదో తరగతి అక్కలకి కూడా.

వెదుర్లు వంటగది వెనక ఉన్నాయి. సీసాలు ఇరవై దాకా పోగుచేశాను, ఇంకా కావాలి, మూతలతో సహా ఇవ్వండి. శనివారం సాయంత్రం గెడ్డ దగ్గర ఇసుక ఆరబెట్టి నింపుదాం. కాటా ఇస్తామని మెస్సు అక్క ఒప్పుకుంది. వచ్చేవాళ్ళు ఈ కాగితం కింద ఖాళీలో పేరు, తరగతి రాయండి. పెన్సిలుతో రాయకండి, చెరిగిపోతాది.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని