ముందుగదికే ముస్తాబా?

కొత్తింటి అలంకరణకి మా దగ్గరున్నది ఇరవై వేలు. హాల్లో టీవీ వెనక చెక్కపనికే పద్దెనిమిది వేలు రాసేశారు మా వారు!

"మరి వంటిల్లో?" అన్నాను.

"అక్కడ చూసేదెవరోయ్?"

నేను చూస్తున్నానుగా, రోజుకి అయిదు గంటలు! నెలకోసారి వచ్చే చుట్టాల కళ్ళకున్న విలువ ఇల్లాలి కళ్ళకి లేదూ? ముందుగదికి పెడన కలంకారీ తెరలు, నాలుగు ఏటికొప్పాక లక్కబొమ్మలు, పాత పట్టుచీరతో కుట్టిన దిండు గలీబులు చాలవుటండీ? డబ్బు మాత్రం పొయ్యిగట్టు మీద మంచి దీపానికీ, ఎగ్జాస్టు ఫ్యానుకీ, చేతికందే అరలకీ పెట్టాలంటాను.

లెక్క మళ్ళీ వెయ్యమని ఆయన్ని వంటింట్లో కూర్చోబెట్టాను. పది నిమిషాలకే, "అబ్బ, అంకెలు కనబడటం లేదే!" అన్నారు.

నేనేమీ అనలేదు. మీరే అనండి!