వాట్లు కాదు, మాట వినబడాలి

పండక్కో, పంట డబ్బులు చేతికొచ్చినప్పుడో ఇంట్లోకి హోం థియేటర్ వస్తుంది. ఏది కొనాలో తేల్చేది మాత్రం చాలా ఇళ్లలో మగవాళ్లూ, పిల్లలూనే. పెట్టె మీద వాట్లు చదువుతారు. దుకాణంలో ఫైటింగు సీను పెట్టించుకుంటారు. గుండె అదిరిందంటే చాలు, 'బ్రహ్మాండం' అనేసి డబ్బు కట్టేస్తారు. ఆ తర్వాత రోజూ దానితో కాపురం చెయ్యాల్సింది మనం. పోపు వేస్తూ వార్తలు వినాలన్నా, చదువుకునే పిల్లకి అడ్డం రాకుండా శబ్దం తగ్గించాలన్నా మనమే. అలాంటప్పుడు పరీక్షించి తీసుకునే చోట మన చెవికి విలువ లేకపోవడం ఏం న్యాయం?

రిసీవర్ అంటే బ్రహ్మపదార్థం ఏమీ కాదు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, డీవీడీ ప్లేయరు ఇలా అన్నింటి శబ్దాన్నీ ఒకచోటికి తీసుకుని, దానికి బలమిచ్చి, స్పీకర్లకు ఎవరి వాటా వారికి వడ్డించే పెట్టె. 5.1 అంటే అయిదు స్పీకర్లు, ధనధనమనే బేస్ బాక్సు ఒకటి. సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది మధ్య స్పీకరులోంచే. కానీ బేరమాడేటప్పుడు దాని సంగతి అడిగేవారే ఉండరు. అందరి కళ్లూ బేస్ బాక్సు మీదే!

మా కురుపాంలో తెలిసినవారింట్లో కొత్తగా బిగించిన సెట్టు ముందు కూర్చున్న పెద్దావిడ నన్ను చూసి, "ఏటంతన్నాడమ్మా ఆడు? గుండెలదిరిపోతన్నాయి గానీ మాటొకటీ ఇనబడ్నేదు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆవిడ చేసినదే అసలైన పరీక్ష అనిపించింది. వయసు పైబడేకొద్దీ ముందుగా తగ్గేది సన్నని శబ్దాలు వినే శక్తి. స, త, క లాంటి హల్లులు తెలిసేది ఆ శబ్దాలతోనే. వాటి మీద బేస్ మోత పడితే మాట మునిగిపోతుంది. అప్పుడు అంతా కలిపి పెంచితే మాటతోపాటు మోతా పెరుగుతుంది. చెయ్యాల్సింది బేస్ తగ్గించి, మధ్య స్పీకరు ఒక్కదాన్నే కొద్దిగా పెంచడం. రిసీవర్‌లో ఆ వీలు ఉందా అని అడిగి, చేయించి చూడాలి.

ఇక వాట్ల మాయ. పీఎంపీఓ అని వేలల్లో రాసే అంకె ఒక్క క్షణంపాటు వచ్చే ఊపుకి కట్టిన లెక్క. నిలకడగా ఇచ్చే శక్తిని ఆర్‌ఎంఎస్ అంటారు. అడగాల్సింది అదీ, అన్ని స్పీకర్లూ ఒకేసారి మోగుతున్నప్పుడు ఎంత అనీ. ఈ అంకెల గారడీ మన ఒక్క దేశానిదే కాదు. అమెరికా ప్రభుత్వం ఆంప్లిఫయర్ల వాట్లు ఎలా కొలిచి చెప్పాలో 1974లోనే నిబంధన పెట్టాల్సి వచ్చింది. ఇంకో సంగతి. వాట్లు రెండింతలైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలుగా తోచాలంటే దాదాపు పది రెట్ల శక్తి కావాలి. అంటే 50 వాట్లకీ 100 వాట్లకీ తేడా మన ముందుగదిలో పెద్దగా తెలియదు. ధరలో మాత్రం బాగా తెలుస్తుంది!

మరి పరీక్ష ఎలా? దుకాణంలో ఫైటింగు వద్దు, వార్తలు పెట్టమనండి. శబ్దం తగ్గించి, నాలుగడుగులు దూరం జరిగి వినండి. మాట స్పష్టంగా అందితే సగం గెలిచినట్టే. రాత్రిపూట వినడానికి 'నైట్ మోడ్' ఉందేమో చూడండి. అది పెద్ద శబ్దాల్ని అణచి, చిన్నవాటిని పైకి తెస్తుంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. పక్కింట్లో పసిబిడ్డ ఉంటే ఆ నియమం పుస్తకంలో చదవక్కర్లేదు.

ఇంటికొచ్చాక రెండు మూడు గంటలు ఆపకుండా నడపండి. పైన చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే గాలి చాలడం లేదన్నమాట. మూసిన షోకేసులో పెట్టకండి. మనం ముచ్చటపడి అల్లిన లేసు గుడ్డ దాని నెత్తిన కప్పకండి, ఆ పైకప్పు కన్నాల్లోంచే వేడి బయటికి పోవాలి. మా కొండప్రాంతంలో వానాకాలం కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. అందుకని ఒకసారి స్విచ్చి ఆపి మళ్లీ వెయ్యండి. పెట్టుకున్న అమరికలన్నీ నిలుస్తున్నాయా, మొదటికొస్తున్నాయా తెలిసిపోతుంది. ఉరుములప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గూ కేబుల్ తీగా రెండూ పీకెయ్యాలి.

చివరి పరీక్ష రిమోటుది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు ఎవర్నీ పిలవకుండా వార్తలు పెట్టుకోగలగాలి. మూడు రిమోట్లు వరసగా నొక్కితే గానీ మాట రాని యంత్రం ఎంత గొప్పదైనా వారికి అది ఉన్నా లేనట్టే.

మాలాంటి ఊళ్లవాళ్లు బాగుచేసేవాళ్లు ఎక్కడున్నారో కొనకముందే అడగాలి. అంత బరువు పెట్టెని బస్సులో పార్వతీపురమో, విజయనగరమో మోసుకెళ్లడం మాటలు కాదు. బిల్లు తప్పక తీసుకోండి. ఇంటికొచ్చి బిగించి వినిపించాకే మిగతా డబ్బు ఇస్తామని ముందే మాట్లాడుకోండి. కొట్టువాడు చెప్పిందొకటి, ఇచ్చిందొకటి అయితే 1915కి ఫోను చెయ్యొచ్చు, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు.

'మీకేం తెలుసు ఈ మెషిన్ల గురించి' అంటే వెనక్కి తగ్గకండి. పప్పు ఉడికిందో లేదో మెతుకు పట్టి చెప్పగలం, బిడ్డ దగ్గు విని అది ఏ దగ్గో చెప్పగలం. మాట వినబడుతోందో లేదో చెప్పడానికి మనకి ఇంజనీరింగు పట్టా కావాలా? ఈసారి దుకాణానికి మీరూ వెళ్లండి, వీలైతే అత్తగారినీ తీసుకెళ్లండి. ఆవిడ తల ఊపితేనే డబ్బు తియ్యండి.