సైన్సు పిరియడ్‌లో పిల్లల మనసుకూ చోటివ్వండి

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని సైన్సు టీచర్లకు, తల్లిదండ్రులకు, మండల విద్యాధికారులకు విన్నపం.

సాగర్ గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల నుంచి జనం పిల్లాపాపలతో డ్యామ్‌కు బయలుదేరతారు. ఆ నీటి హోరుకు పిల్లలు నోళ్లు తెరుచుకుని నిలబడిపోతారు. మర్నాడు బడిలో అదే పిల్లలు పీడనం నిర్వచనం అప్పచెప్పలేక బెంచీ ఎక్కుతారు. డ్యామ్ అడుగున అంత వెడల్పుగా, పైకి వచ్చేకొద్దీ సన్నగా ఎందుకు కట్టారని వాళ్లనెవరూ అడగరు. లోతు పెరిగేకొద్దీ నీటి పీడనం పెరుగుతుందన్న పాఠానికి ఇంతకంటే మంచి మొదలు ఏ పుస్తకంలో దొరుకుతుంది?

భయపడిన పిల్ల దృష్టి పాఠం మీద నిలవదు, టీచర్ ముఖం మీదే ఉంటుంది. బట్టీ జవాబుకు తిట్లు పడవు కనుక బట్టీ పడుతుంది. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. నలుగురిలో ‘మొద్దు’ అనడం వేధింపేనని మేం గట్టిగా నమ్ముతున్నాం.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మూడో ప్రయత్నంలో గానీ మెట్రిక్ గట్టెక్కలేదు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను బలి తీసుకుంది. తర్వాత అమెరికాలో ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందయింది. ఆయన పేరు పిల్లలకు చెప్పేటప్పుడు ఆ ఫెయిళ్లూ, ఆ దుఃఖమూ దాచకండి.

మన కాలువ చివరి భూముల రైతుల ఇళ్లలో పిల్లలకు నిత్యం వినబడేది నీళ్ల గొడవే. పైవాళ్లు వాడేసుకుంటున్నారన్న కోపం వాళ్లకూ ఉంటుంది. ఆ కోపాన్ని తరగతిలోకి రానివ్వండి. టీచర్ వెంట ఉండి మోకాలి లోతు మించని పంటకాలువ దగ్గరికి తీసుకెళ్లండి (పెద్ద కాలువ జోలికి పోవద్దు). వెడల్పు, లోతు కొలిచి, ఎండుపుల్ల వదిలి, అది పది మీటర్లు పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తే సెకనుకు ఎంత నీరు పారుతోందో తేలుతుంది. పుల్ల పైపైన పోతుంది, అడుగున నీరు నెమ్మది, కాబట్టి లెక్క కాస్త ఎక్కువొస్తుంది. ఆ తేడాను ఎవరో ఒక పిల్లవాడు పట్టుకుంటాడు. తమ అనుమానం నిజమో కాదో తమ కొలతతోనే తేల్చుకోవడం ఆ పిల్లలకు అలవాటవుతుంది.

సిగ్గుతో మాత్రం జాగ్రత్త. ఫ్లోరైడ్‌తో ఉమ్మడి నల్గొండ జిల్లా పడిన బాధ అందరికీ తెలుసు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అన్న పేరే నిలిచింది. గారపళ్ల పిల్లను నిలబెట్టి ఫ్లోరోసిస్ చూపించే టీచర్ ఆ పిల్లను సైన్సుకు శాశ్వతంగా దూరం చేస్తారు. ఆ మచ్చలు తాగిన నీళ్ల వల్ల వచ్చాయని, తన తప్పేమీ లేదని ముందు చెప్పాలి. తర్వాత లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు సంగతి చెబితే ఆ పిల్లే అందరికంటే శ్రద్ధగా వింటుంది.

టీచర్లకూ మనసుంటుంది. సిలబస్ తరుముతుంటే, ఫలితాల పేరుతో పైనుంచి మందలింపులు వస్తుంటే, ‘నాకు తెలియదు, కలిసి చూద్దాం’ అనే ధైర్యం వాళ్లకెక్కడిది? అందుకే మొదట అడిగేది అధికారులనే. వారానికి ఒక సైన్సు పిరియడ్‌ను మార్కులు, పరీక్షలు లేకుండా వదిలేయండి. పొలం, రైసు మిల్లు, కాలువ గట్టు, ఎక్కడికైనా వెళ్లే అనుమతి ముందే ఇవ్వండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో నివేదికలు కాస్త తగ్గించి, టీచర్లు తమ చేతులతో ప్రయోగాలు చేసుకునే వేళ పెట్టండి.

తల్లిదండ్రులారా, ఈసారి బడికి వెళ్లినప్పుడు మార్కులు అడగడానికి ముందు సైన్సు ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుందో, చివరిసారి ఎప్పుడు తీశారో అడగండి.