మూసీ తల నరికి కాళ్లకు పారాణి పెడతరట!

ఖతర్‌ల ఉన్న అన్నలారా, తమ్ముళ్లారా! పోస్టు కొంచెం పొడుగే ఉంటది. శుక్రవారం సెలవే కదా, చాయ్ తాగుకుంట చివరిదాకా చదువుండ్రి.

మనం చెమటోడుస్తున్న ఈ దేశంల ఒక్క నది లేదు. ఏడాది మొత్తం కలిపినా 75, 80 మిల్లీమీటర్ల వాన. మన ఊర్లల్ల ముసురు గట్టిగ పట్టిందంటే రెండు రోజులల్ల అంత పడతది. మరి క్యాంపుల నల్లా తిప్పితే నీళ్లెట్ల వస్తున్నయి? రాస్ అబు ఫొంటాస్, ఉమ్ అల్ హౌల్, రాస్ లఫ్ఫాన్‌లల్ల ప్లాంట్లు పెట్టి, గ్యాస్ మండించి, సముద్రం నీళ్ల నుంచి ఉప్పు తీస్తున్నరు. సముద్రం చెడిపోతే దేశంల తాగే నీళ్లు మూడు రోజులల్ల అయిపోతయని ఒకప్పుడు లెక్క తేలిందని ఇక్కడి ప్రధానమంత్రే 2025ల ఒక ఇంటర్వ్యూల చెప్పిండు. ఆ భయంతోనే పెద్ద పెద్ద రిజర్వాయర్లు కట్టుకున్నరు.

వీళ్లకు గ్యాస్ ఉన్నది, పైసలున్నయి. సముద్రాన్నే వడగట్టుకుని తాగుతరు. మనకేమున్నది? కొండ ఉన్నది, అడవి ఉన్నది, వాగు ఉన్నది. పైసా ఖర్చు లేకుంట నీళ్లిచ్చే ప్లాంటు మనకు అదే. దాన్నే ఇప్పుడు మనోళ్లు చేతులార పాడు చేసుకుంటున్నరు.

మూసీ సంగతే చూడుండ్రి. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టలల్ల పుట్టి, హైదరాబాద్ నడుమ నుంచి పారి, సూర్యాపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు నింపి, వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. సుమారు 240 కిలోమీటర్లు. ఆ గుట్టల పక్కనే పూడూరు మండలంల దామగుండం అడవి ఉన్నది. అక్కడ నేవీ రాడార్ స్టేషన్ కోసం దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి ఇచ్చిన్రు. 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చి శంకుస్థాపన చేసిన్రు. సముద్రం లోపల తిరిగే సబ్‌మెరైన్లకు కబురు పంపే స్టేషన్ అది. ఇట్లాంటిది తమిళనాడు తిరునల్వేలి దిక్కు 1990 నుంచి ఒకటి నడుస్తున్నది, ఇది రెండోది.

ఎన్ని చెట్లు పోతయంటే, అధికారుల లెక్కే 1.93 లక్షలని పత్రికలల్ల వచ్చింది. వద్దని కొట్లాడుతున్నోళ్లు 12 లక్షలంటున్నరు. సరే, తక్కువ లెక్కనే పట్టుకుందాం. దాదాపు రెండు లక్షల చెట్లు తక్కువనా?

తమాషా ఏందంటే, సరిగ్గ అదే నెలల హైదరాబాద్‌ల మూసీ సుందరీకరణ గురించి ఊదరగొట్టిన్రు. సిటీల 55 కిలోమీటర్లు బాగుచేస్తరట. ఒడ్డున ఉన్న బీదోళ్ల ఇండ్లకు గుర్తులు పెట్టిన్రు. నది పుట్టేకాడ చెట్లు కొట్టాలె, నది పారేకాడ లైట్లు పెట్టాలె. మనిషి తల నరికి కాళ్లకు పారాణి పెడితే అది పెండ్లా, చావా?

కొందరు అన్నలు కామెంట్లల్ల అడుగుతరు, మాకెరుకే. "దేశ రక్షణకు అడ్డం పడతారా?" అని. మేం నేవీకి వ్యతిరేకం కాదు. మన ఊర్లల్ల నుంచి మిలిట్రీకి పోయిన పిల్లలు మన తమ్ముళ్లే. మా ప్రశ్న ఒక్కటే: నది తలాపున ఉన్న అడవే ఎందుకు కావాలె? ఇంకో జాగ లేదని జనానికి ఎవరు చూపించిన్రు? దేశ రక్షణ అన్న మాట అనంగనే ప్రశ్న మూసుకోవాల్నంటే, రేపు ఏ గుట్ట కావాలన్నా అదే మాట వాడతరు.

ఇంకో మాట, "చెట్లు కొడితే ఇంకోకాడ అంతకు ఎక్కువ నాటుతరు" అని. అడవి అంటే చెట్ల లెక్క కాదు. ఏండ్ల కొద్ది రాలిన ఆకు మురిగి నేల మెత్తగయితది. వాన పడితే ఆ నేల స్పాంజి లెక్క పీల్చుకుని, వేర్ల సందుల నుంచి లోపలికి దించి, ఎండాకాలం దాకా ఊటల రూపంల మెల్లగ వదులుతది. చెట్టు పోతే అదే వాన ఒక్క పూటల ఉరికి, మట్టిని కొట్టుకపోయి చెరువులల్ల నింపుతది. వానకాలం వరద, ఎండాకాలం ఎండిన బోరు. ఎక్కడ్నో రోడ్డు పక్కన నాటిన మొక్క వచ్చి ఈ గుట్ట మీద నీళ్లు పట్టదు.

మూసీ తిక్క ఎట్లుంటదో మన పెద్దోళ్లకు తెలుసు. 1908 సెప్టెంబర్ వరదల హైదరాబాద్‌ల వేల మంది కొట్టుకపోయిన్రు. అప్పుడు నిజాం విశ్వేశ్వరయ్యను పిలిపించిండు. ఆయన సలహాతోని పైన చెరువులు కట్టిన్రు. 1920ల మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927ల ఈసీ మీద హిమాయత్‌సాగర్. నదిని కాపాడాల్నంటే పై నుంచి మొదలువెట్టాలని వందేండ్ల కిందనే అర్థమైంది. 1996ల 111 జీవో తెచ్చి, రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్లల్ల, 84 ఊర్లల్ల పెద్ద కట్టడాలు వద్దన్నరు. 2022ల 69 జీవోతోని ఆ కట్టడి ఎత్తేసిన్రు. దిగువ కట్టడి అట్ల పాయె, ఎగువ అడవి ఇట్ల పాయె. ఇగ మిగిలేది సిటీ మోరీ ఒక్కటే.

"మాది జగిత్యాల, మాది నిజామాబాద్, మూసీతోని మాకేం పని?" అనకుండ్రి. గోదావరి త్ర్యంబకేశ్వర్ కాడ బ్రహ్మగిరి కొండల పుట్టింది, మంజీర బాలాఘాట్ గుట్టలల్ల పుట్టింది. నది ఏదైనా తల గుట్ట మీదనే ఉంటది. ఒక్కకాడ ఇది చెల్లిందంటే అంతటా చెల్లుతది.

ఇక్కడ కూసుని ఏం చేస్తం అంటారా? మూడు పనులు చేయొచ్చు.

ఒకటి, ఓటు. ఫారం 6ఏ నింపి విదేశాల ఉన్న ఓటరుగ పేరు ఎక్కించుకోవచ్చు. ఓటు మాత్రం ఊరికి పోయే వేయాలె. అయినా జాబితాల మన పేరుంటే మన ఫోనుకు విలువుంటది.

రెండు, పైసలు. చేవెళ్ల, శంకర్‌పల్లి దిక్కు ప్లాట్లున్నయని మన వాట్సాప్‌లకే ఫొటోలు పంపుతరు, రియాళ్లు మన దగ్గర ఉంటయని. వాగుల, చెరువు శిఖంల, అడవి అంచున ఉన్న ప్లాటు ఎంత సస్తాకు వచ్చినా కొనకుండ్రి. మన చెమటతోని మన నీళ్ల గొంతు పిసకొద్దు.

మూడు, మాట. ఇంటికి ఫోన్ చేసినప్పుడు బోరు ఎన్ని ఫీట్లకు పోయిందని అడుగుతం కదా. ఊరి గుట్ట ఎట్లున్నదని, గుట్ట మీద మిషన్లు ఎవరివి తిరుగుతున్నయని కూడ అడుగుండ్రి. గ్రామసభల అది మాట్లాడుమని ఇంటోళ్లకు చెప్పుండ్రి.

ఎడారిల బతికే మనకు చుక్క నీటి ధర తెలిసినంత హైదరాబాద్‌ల ఏసీ రూముల కూసున్నోళ్లకు తెల్వదు. గ్యాస్ ఉన్న దేశం నీళ్లు తయారు చేసుకుంటది. మనం అడవి పోగొట్టుకుంటే తిరిగి తయారు చేసుకునే మిషన్ ఏ కంపెనీ అమ్మదు. నచ్చితే షేర్ చేయుండ్రి, నచ్చకపోతే కింద కొట్లాడుండ్రి. గమ్మున మాత్రం ఉండకుండ్రి.