కంప్యూటర్ కబుర్లు: పంపిన హెచ్చరిక అందినదా?



మన కార్యాలయాలలో ఒక కాగితం మరొక విభాగానికి వెళ్ళవలెనన్న జావక సంఖ్య వేసి, తపాలు పుస్తకంలో వ్రాసి, అందుకొన్నవారి సంతకం తీసికొనుట పరిపాటి. “పంపితిమి” అన్న మాట చాలదు. “అందినది” అన్న సంతకం కావలెను. ఇంత చిన్న నియమాన్ని కంప్యూటర్ విషయంలో మరచినందువలన నాకు కలిగిన అనుభవమే ఈ మాసపు ముచ్చట.

నేను పనిచేయుచున్నది కోల్‌కతాలోని సాల్ట్ లేక్‌లో. ఉప్పునీటి చిత్తడి నేలలను పూడ్చి నిర్మించిన ఈ ఉపనగరానికి డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ పేరిట బిధాన్‌నగర్ అనియు పేరు. ఇందలి సెక్టర్ ఫైవ్ కంప్యూటర్ సంస్థలకు నెలవు. సి-డాక్ వారి కోల్‌కతా కేంద్రం కూడ ఇక్కడనే ఉన్నది. అదే సి-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్, డెబియన్ అను లినక్స్ ఆధారంగా రూపొందినది. తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో పనిచేయగలది. మా విభాగపు యంత్రాలు కూడ డెబియన్ కుటుంబానికి చెందినవే.

ఉద్యోగుల సెలవుల లెక్కలు మా వద్ద ఉండును. ప్రతి రాత్రి 2 గంటలకు ఆ లెక్కల ప్రతి ఒకటి రెండవ డిస్కుపైకి చేరవలెను. చేరనిచో నా కంప్యూటర్ తెరపై హెచ్చరిక కనబడునట్లు నేనే ఒక చిన్న ఆదేశం వ్రాసితిని. కీబోర్డు ముందు కూర్చుండి ఒకసారి నడిపి చూచితిని. తెరపై చిన్న పెట్టె వచ్చినది. పని పూర్తయినదని సంతోషించితిని.

ఆ వేసవిలో ఒకనాటి సాయంత్రం కాలవైశాఖి గాలివానకు విద్యుత్తు పలుమార్లు పోయి వచ్చినది. మరునాడు మొదటి డిస్కు తెరచుకొనలేదు. రెండవదానిని చూడగా, అది నిండిపోయి 19 రాత్రులుగా ప్రతి పడనేలేదని తెలిసినది. ఆ 19 రోజులలో ఒక్కనాడైనను తెరపై హెచ్చరిక రాలేదు. ఆ నెలాఖరుననే మా సహోద్యోగి ఒకరు పదవీ విరమణ చేయవలసియున్నది. ఆయన సెలవుల నగదు లెక్క నిలిచిపోయినది. ఇద్దరు మిత్రులు, నేను రెండు ఆదివారాలు కూర్చుండి, కాగితపు దరఖాస్తులు వెదకి, నమోదులన్నీ మరల వ్రాసితిమి. చివరి రోజు సాయంత్రానికి గాని లెక్క తేలలేదు. ఆయన నన్ను ఒక్క మాటయు అనలేదు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించినది.

లోపమెక్కడ? లినక్స్‌లో ఒక ప్రోగ్రాము పంపు హెచ్చరిక డి-బస్ అను మార్గం ద్వారా తెరను నిర్వహించు ప్రోగ్రాముకు చేరును. ఇది మన తపాలు శాఖ వంటిది. మనము లాగిన్ అయినపుడు మన పేరిట ఒక బస్ ఏర్పడును. దాని చిరునామా మనము తెరచిన ప్రోగ్రాములకు తెలిసియుండును. రాత్రి పనులను నడుపు క్రాన్ అట్లు తెరచినది కాదు. నేను వ్రాసిన పనికి ఆ చిరునామా అందలేదు. కనుక నా చేతితో నడిపినపుడు వచ్చిన హెచ్చరిక, క్రాన్ నడిపినపుడు రాలేదు. తప్పు యంత్రానిది కాదు; పగలు పరీక్షించి రాత్రికి భరోసా పడిన నాది.

ఇప్పుడు పరీక్షను కూడ యంత్రానికే అప్పగించితిమి. మొదటి అంచెలో తెర లేకయే ఒక తాత్కాలిక బస్ ఏర్పరచి, హెచ్చరికలను స్వీకరించు నకిలీ గుమాస్తాను దానిపై కూర్చుండబెట్టుదుము. పైథాన్‌లో ఇందుకు డిబస్‌మాక్ అను ఉపకరణం ఉన్నది. డిస్కు నిండినట్లు నటింపజేసి, గుమాస్తా పుస్తకంలో సరిగా ఒకే హెచ్చరిక పడినదా, దాని తీవ్రత సరిగా ఉన్నదా అని సరిచూతుము. తీవ్రతలు మూడు: తక్కువ, సాధారణం, అత్యవసరం. అత్యవసరమైనది తనంతట తాను తొలగరాదని నియమము.

తెలుగు పాఠమును ప్రత్యేకముగా పరీక్షింపవలెను. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పట్టును. “స్త్రీ” అను ఒక్క అక్షరంలో 6 సంకేతములు, అనగా 18 బైట్లు. ఆంగ్లమును దృష్టిలో నుంచుకొని బైట్లు లెక్కించి వాక్యమును కత్తిరించు ప్రోగ్రాము తెలుగు అక్షరమును నడిమికి విరిచివేయును.

అయితే ఈ అంచె ఒక్కటే ఉన్నచో నా పాత తప్పు పట్టుబడెడిది కాదు. నకిలీ గుమాస్తాకు చిరునామా మనమే ఇచ్చితిమి గదా! కావున రెండవ అంచెలో ప్రతి శుక్రవారం రాత్రి, అదే క్రాన్ ద్వారా, అదే ఖాతాలో, ఒక ఉత్తుత్తి వైఫల్యమును నడిపించి, నిజమైన బస్‌పై హెచ్చరిక వచ్చినదా అని చూతుము. రానిచో ఈమెయిల్ వెళ్ళును. ఎవరును లాగిన్ కానపుడు తెరపై హెచ్చరికకు తావే లేదు గనుక ఈ రెండవ దారి తప్పనిసరి.

ఇక సంతకం మాట. హెచ్చరిక తొలగినపుడు కారణమును తెలుపు సంఖ్య వచ్చును: గడువు తీరినచో 1, మనిషి తొలగించినచో 2. ఒకటి వచ్చినచో ఎవరును చూడలేదేమోనని అనుమానింపవలెను. రెండు వచ్చినను, చదివి తొలగించిరో చదువకయే తొలగించిరో ఏ పరీక్షయు చెప్పజాలదు. అందుచేత అక్కరలేని హెచ్చరికలన్నింటిని మాన్పించితిమి. దినమంతయు మ్రోగు గంటను ఎవరు వినెదరు?

గృహిణులకు, విద్యార్థులకు కూడ ఒక మనవి. పిల్లల ఫొటోలు, మార్కుల పత్రాలు కంప్యూటర్‌లో దాచుకొన్నవారు “ప్రతి పడుచునే యున్నది” అని ఊరకుండక, నెలకొకసారి ఆ ప్రతి నుండి ఒక ఫైలు తెరచి చూడుడు. మౌనముగా నున్నంత మాత్రాన అంతయు క్షేమమని కాదు. హెచ్చరించువాడు మేలుకొని యున్నాడో లేదో అప్పుడప్పుడు మనమే పిలిచి చూడవలెను.