మామూ అలా చేయలేదు

కెమిస్ట్రీ చదివిన పిల్లల్ని అదంతా వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమనడం మన ఖాందాన్లలో ఒక రివాజ్ అయిపోయింది. మా ఇళ్ళల్లో అయితే నన్ను మిసాల్‌గా చూపిస్తారు. "చూడు, మామూ కూడా ల్యాబ్ వదిలి కంప్యూటర్ పనిలోకి వెళ్ళలేదా?" అంటారు. మామూ అలా చేయలేదు.

నేను ఎనిమిదేళ్ళు ల్యాబ్‌లో ఉన్నాను. ఇంటికొచ్చాక కూడా బట్టల్ని వదలని పిరిడిన్ వాసన మా అమ్మీకి ఇప్పటికీ యాదే. అప్పట్లో ప్రయోగాలన్నీ కాగితం నోట్‌బుక్‌లోనే రాసేవాళ్ళం. ఒకాయన నౌకరీ మారి వెళ్ళిపోయాడు. ఆయన చేసిన రియాక్షన్ మాకు మళ్ళీ రాలేదు. ఏ బ్యాచ్ సరుకు వాడాడో, ఎన్ని డిగ్రీల దగ్గర కలిపాడో రాసిపెట్టలేదు. రెండు నెలల మెహనత్ బర్బాద్. అందుకే నోట్‌బుక్‌లను కంప్యూటర్‌లోకి తెచ్చే ప్రాజెక్టు మొదలైనప్పుడు ముందు చెయ్యెత్తింది నేనే.

సాఫ్ట్‌వేర్ రాసే పిల్లలు హుషారైనవాళ్ళే. కానీ వాళ్ళు చేసిన ఫారంలో రియాక్షన్ మొదలైన రోజే ముగియాలి! రాత్రంతా కలుపుతూ వదిలేసేదాన్ని అందులో ఎలా ఎక్కించాలి? ఇంకో సంగతి, మందు అణువునీ దాని హైడ్రోక్లోరైడ్ సాల్టునీ వాళ్ళు ఒకే వరసలో పెట్టేశారు. ఒక హైడ్రోక్లోరైడ్ చేరితే అణుభారం దాదాపు 36.5 పెరుగుతుంది. ఆ తేడా చూడకుండా తూకం వేస్తే డోసు లెక్కే తప్పుతుంది. ఇది ఫ్లాస్కు పట్టుకున్నవాడి కంటికి వెంటనే ఆనుతుంది.

ఆ పైన కానూన్. అమెరికా ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన పార్ట్ 11 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును ఎవరు, ఎప్పుడు మార్చారో జాడ ఉండాలి, పాత రాత చెరిగిపోకూడదు. అమెరికాకి మందులు పంపే మన హైదరాబాద్ కంపెనీలకీ ఇది లాజిమ్. ల్యాబూ తెలిసి, సిస్టమూ తెలిసినవాళ్ళకి అక్కడ కదర్ ఉంది.

ప్రాజెక్ట్ మేనేజర్ పనిలో సగం తర్జుమా. కెమిస్టు అడిగేది ప్రోగ్రామర్‌కి, ప్రోగ్రామర్ కుదరదన్నది కెమిస్టుకి, ఇద్దరూ కలిసి పెంచిన ఖర్చు యాజమాన్యానికి అర్థమయ్యేలా చెప్పాలి. మిగతా సగం మీటింగులు. కొత్త అణువు చేతికొచ్చిన రోజు ఉండే ఖుషీ ఇందులో దొరకదు, ఝూట్ చెప్పను.

మా ఆపా కూతురు ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేసి రెండేళ్ళుగా ల్యాబ్‌లో పనిచేస్తోంది. నౌకరీ మానేసి అమీర్‌పేటలో కోర్సు చేయాలని ఇంట్లో దబావ్. ఆమెకీ, ఆమెలాంటి పిల్లలకీ నా మష్వరా ఇది. ఇప్పుడే మానొద్దు బేటా. ఇంకో రెండేళ్ళ తజుర్బా కానివ్వు. మీ ల్యాబ్‌లో కొత్త సిస్టమ్ పెడుతుంటే దాన్ని పరీక్షించే పని అడిగి మరీ తీసుకో. ఎస్‌క్యూఎల్ సాయంత్రాలు నేర్చుకోవచ్చు, దానికి నౌకరీ వదలక్కర్లేదు. అన్నీ చూశాక కూడా ఫ్లాస్కే ఇష్టమనిపిస్తే అక్కడే ఉండు, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు.