మాట సరిహద్దు దాటితే
గోదావరిఖనిలో మొదటి షిఫ్టు దిగి, మసి చేతులతో టీకొట్టు దగ్గర పేపరు తిరగేసే గని కార్మికుడికి విదేశాంగ విధానం దూరపు ముచ్చట కాదు. కొడుకు గల్ఫ్‌లో ఉంటే, ఇక్కడి నాయకుడు నోరు జారిన సెగ ముందు తగిలేది ఆ ఇంటికే. ఇదే జిల్లాలోని మంథని 1957 నుంచి 1977 దాకా శాసనసభకు పంపిన పి.వి. నరసింహారావుకు మాట బరువు తెలుసు. 1994లో కశ్మీర్‌పై పాకిస్థాన్ జెనీవాలో తీర్మానం తెస్తే, ప్రధానిగా ఆయన ప్రతిపక్ష నేత వాజ్‌పేయినే భారత బృందానికి నాయకుడిగా పంపారు. దేశమంతా ఒక్క మాట మీద ఉందని ఆ ఎంపికే చెప్పింది. పాకిస్థాన్ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఎన్నికల సభలో పొరుగువారిని తిట్టి, మర్నాడు రాయబారితో తీపి కబురు పంపితే ఎవరు నమ్ముతారు? చప్పట్ల కోసం అన్న మాటను ఢాకాలోనూ దోహాలోనూ వింటారు. పాలకులారా, మైకు అందుకునే ముందు ఆ కార్మికుడి కొడుకును తలుచుకోండి.